మొదట తోక కట్టండి

వ్యక్తిత్వ వికాసం పుస్తకం ఏది తెరిచినా ఒకటే మాట కనిపిస్తుంది: పట్టిన పని వదలొద్దు. ఈ అధ్యాయంలో నేను చెప్పబోయేది దానికి కాస్త అడ్డంగా ఉంటుంది. ఏ దశలోనైనా ఆగగలిగేలా పనిని అమర్చుకున్నవాడే పెద్ద పనిని చివరిదాకా లాక్కొస్తాడు. ఆగే వీలు లేకుండా ఇరుక్కున్నవాడు విసిగి సగంలో పారేస్తాడు, లేదంటే ఆగాల్సిన చోట ఆగక దెబ్బ తింటాడు. ఇందుకు నేను ఎంచుకున్న ఉదాహరణ ఇంటి గ్యారేజీలో విమానం కట్టుకుని, అందులో ఎగరడం. ఉదాహరణ అన్నాను గానీ, నిజంగా కట్టాలనుకునేవాళ్లను దృష్టిలో పెట్టుకునే రాస్తున్నాను. మిగతావాళ్లు తమ పనికి తామే అన్వయించుకోండి.

అమెరికాలో ఇది పాత హాబీ. 1953లో పాల్ పోబరెజ్నీ మిల్వాకీలో ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్‌ని మొదలుపెట్టాడు. క్లుప్తంగా ఈఏఏ అంటారు. ఏటా జులై చివర్లో విస్కాన్సిన్ రాష్ట్రం ఆష్‌కాష్‌లో దాని జాతర జరుగుతుంది; చికాగోలో ఉన్న తెలుగువాళ్లకు కారులో మూడు గంటల దారి. ఒరెగాన్‌లో రిచర్డ్ వాన్‌గ్రన్స్‌వెన్ స్థాపించిన వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ అమ్మే ఆర్వీ రకం కిట్లతో కట్టిన విమానాలు ఇప్పటికి 11 వేలకు పైగా గాల్లోకి లేచాయి. చాలావరకు మామూలు ఉద్యోగస్తులూ రిటైరైనవాళ్లూ ఇళ్లలోనో, హ్యాంగర్లలోనో బిగించుకున్నవే. చట్టం ముఖ్యంగా అడిగేది ఇది: విమానంలో సగానికి మించిన పని ఔత్సాహికుడే చేసి ఉండాలి, అదీ నేర్చుకోవడానికో సరదాకో తప్ప వ్యాపారానికి కాదు. దీన్నే అందరూ 51 శాతం నిబంధన అంటారు.

మన దేశంలో దారి ఇంత సుగమం కాదు. ముంబయి పైలట్ అమోల్ యాదవ్ తన ఇంటి డాబా మీద ఆరు సీట్ల విమానం కట్టి, 2016లో మేక్ ఇన్ ఇండియా వారోత్సవంలో ప్రదర్శించాడు. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నుంచి రిజిస్ట్రేషన్ చేతికొచ్చేసరికి 2017 నవంబరు అయింది. అతనిది కిట్ కూడా కాదు, సొంత డిజైన్. రేకుల మీద పెట్టిన ఓపికకు తీసిపోని ఓపిక కాగితాల మీదా పెట్టాడు. కాబట్టి ఈ అధ్యాయం ప్రధానంగా అమెరికాలో ఉన్న పాఠకులకే వర్తిస్తుంది. ఇక్కడ ఉన్నవాళ్లు కిట్ కంటే ముందు నిబంధనలు తెప్పించుకుని చదవడం మేలు.

ఇంట్లో అడిగే మొదటి ప్రశ్న

"ఏమండీ, మరి కార్లెక్కడ పెడదాం?"

"బయట పెడదాం. ఎంత, కొన్నాళ్లేగా."

"కొన్నాళ్లంటే ఎన్నాళ్లు?"

ఇక్కడ నిజం చెప్పండి. ఆర్వీ-7 లాంటి రెండు సీట్ల విమానానికి మామూలుగా 1,500 నుంచి 2,000 గంటల పని పడుతుందని అంచనా. 1,800 అనుకుందాం. వారానికి పది గంటలు ఇవ్వగలిగితే 180 వారాలు, అంటే మూడున్నరేళ్లు. అయిదు గంటలే దొరికితే ఏడేళ్లు. పిల్ల ఆరో తరగతిలో ఉండగా మొదలుపెడితే ఇంటర్ చివర్లోగానీ ఎగరదన్నమాట. ఈ లెక్క విన్నాక కూడా ఇంట్లోవాళ్లు సరే అంటే అది అనుమతి. లెక్క దాచిపెట్టి "ఏడాదిలో అయిపోతుంది" అని సంపాదించింది అనుమతి కాదు, అప్పు. మూడో ఏట వడ్డీతో సహా వసూలు చేస్తారు.

వారంలో కట్టేశారట కదా అంటారు కొందరు. నిజమే. 2014లో ఆష్‌కాష్ జాతరలోనే జెనిత్ కిట్ ఒకటి ఏడు రోజుల్లో బిగించారు. 2019లో దక్షిణాఫ్రికాలో ఇరవై మంది విద్యార్థులు స్లింగ్ 4 కిట్‌ను మూడు వారాల్లో విమానంగా నిలబెట్టారు, దాంతో కేప్‌టౌన్ నుంచి కైరో దాకా ఎగిరారు. కానీ అక్కడ చేతులు వందలు, లేదా పక్కన నిలబడ్డ నిపుణులు ఎందరో. మీ గ్యారేజీలో రాత్రి తొమ్మిదిన్నరకు ఉండేది మీరొక్కరే.

డబ్బు సంగతి ముక్తసరిగా చెబుతాను. కిట్ ధర చూసి విమానం ధర అనుకోవద్దు. ఇంజను, ప్రొపెల్లరు, ఏవియానిక్స్ అనే ఎలక్ట్రానిక్ పరికరాలు, రంగు కలిపితే కిట్‌ను మించిపోతాయి. ఆ తర్వాత హ్యాంగర్ అద్దె, బీమా నెలనెలా ఉండేవే.

తోక ఎందుకు ముందు

వాన్స్ వాళ్లు కిట్‌ను విడివిడిగా అమ్ముతారు. తోక, రెక్కలు, మధ్య భాగం, ఆఖరి బిగింపులు, అన్నీ వేరువేరు పెట్టెలు. అనుభవమున్న ప్రతి బిల్డరూ చెప్పే సలహా: మొదట తోక ఒక్కటే కొనండి. మొత్తంలో అది చిన్నది, చౌక. ముక్కును పక్కలకు తిప్పే రడ్డర్, పైకీ కిందికీ వంచే ఎలివేటర్లు, వాటిని మోసే స్థిర భాగాలు – బల్ల మీద పట్టేంతవి. విమానం మొత్తానికీ కావలసిన రేకుపని దాదాపు అంతా అందులోనే నేర్చుకోవాల్సి వస్తుంది. బెజ్జం వేయడం, దాని అంచున లేచిన గరుకు తీయడం, రివెట్ తల రేకులోకి కూర్చునేలా డింపుల్ వేయడం, ప్రైమర్ పూయడం, రివెట్ కొట్టడం. తోక పూర్తయ్యేసరికి మీకు మూడు విషయాలు తెలుస్తాయి: ఈ పని మీకు నచ్చిందా, వారానికి నిజంగా ఎన్ని గంటలు దొరుకుతున్నాయి, ఇంట్లో రివెట్ గన్ మోతను ఎంతవరకు భరిస్తారు.

నచ్చలేదనుకోండి. కట్టిన తోకను అమ్మేయండి, కొనేవాళ్లుంటారు. పోయేది కొంత డబ్బు, కొన్ని నెలలు. పరువేమీ పోదు. మనవాళ్లలో ఇక్కడే ఒక తిరకాసుంది. పని మొదలవకముందే వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టేస్తాం. నలుగురికీ చెప్పాక ఆగడం నామోషీ అవుతుంది, అప్పుడు ఇష్టం లేకపోయినా రెక్కల కిట్‌కు డబ్బు కట్టేస్తాం. తోక పూర్తయ్యేదాకా ఎవరికీ చెప్పకండి.

విడిగా కొనడంలో ఇంకో మేలుంది. వాన్స్ లాంటి పేరున్న కంపెనీయే 2023 డిసెంబరులో చాప్టర్ 11 దివాలా రక్షణ కోరింది. లేజర్‌తో కోసిన కొన్ని భాగాల్లో డింపుల్ వేసినప్పుడు బెజ్జాల అంచుల్లో పగుళ్లు రావడం అందుకు దారితీసిన కారణాల్లో ఒకటి. 2024లో కంపెనీ తేరుకుని మళ్లీ నిలబడింది. ఈలోగా ముందే డబ్బు కట్టి ఎదురుచూస్తున్న ఖాతాదారులు మాత్రం పెరిగిన ధరలకు ఒప్పుకోవాల్సి వచ్చింది. చేతిలో ఉన్న పెట్టె పూర్తయ్యాకే తర్వాతి పెట్టెకు డబ్బు కట్టండి. రవాణా ఖర్చు కొంచెం ఎక్కువైనా ఇదే మంచిది.

రివెట్ దగ్గర

ఈ పనిలో ఎక్కువ సమయం తినేది, మనిషిని ఎక్కువగా పరీక్షించేది రివెట్. అందుకే దాని దగ్గర కాసేపు ఆగుదాం.

రెండు రేకుల్ని కలపడానికి ముందు క్లెకోలనే స్ప్రింగు పిన్నులతో తాత్కాలికంగా పట్టి ఉంచుతారు. అంగుళంలో 32వ వంతులు మూడు ఉండే బెజ్జానికి వెండి రంగువి, అంగుళంలో ఎనిమిదో వంతు బెజ్జానికి రాగి రంగువి. దర్జీ కచ్చా కుట్టు వేసి, తొడిగి చూసి, ఆ తర్వాతే మిషన్ మీద కుట్టినట్టు ఇక్కడ కూడా అన్నీ సరిపోయాయని చూసుకున్నాకే క్లెకో తీసి ఒక్కొక్క రివెట్ కొడతారు. ఒక వైపు రివెట్ గన్, వెనకవైపు బకింగ్ బార్ అనే ఉక్కు దిమ్మ. గన్ కొడుతుంటే దిమ్మకు ఆనుకున్న కాడ నలిగి కొత్త తల ఏర్పడుతుంది. ఆ తల వెడల్పు కాడ మందానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు సగం ఉండాలి. కొలవడానికి గేజ్ దొరుకుతుంది. మొదటివారం కొలవండి, తర్వాత కన్నే చెబుతుంది.

కొన్ని సరిగ్గా రావు. ఒకటి వంగుతుంది, ఒకటి తక్కువ నలుగుతుంది, ఒకసారి గన్ జారి రేకు మీద సొట్ట పడుతుంది. అప్పుడేం చేయాలి? కొత్తవాళ్లు రెండు తప్పుల్లో ఒకటి చేస్తారు. మొదటిది: ఎవరు చూస్తారులే అని వదిలేయడం. రెండోది ఇంకా ప్రమాదం: పట్టుదలకు పోయి, కొంచెం తక్కువ నలిగిన ప్రతి రివెట్‌నీ డ్రిల్ చేసి తీసేయడం. తీసేటప్పుడు డ్రిల్ పక్కకు జరిగితే బెజ్జం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. అందులో కొట్టిన కొత్త రివెట్ మొదటిదానికంటే బలహీనంగా ఉంటుంది. కాస్త తక్కువగా నలిగిన రివెట్‌ను అలాగే ఉంచడమే నయమన్న సందర్భాలు చాలా ఉంటాయి. ఏది ఉంచాలి, ఏది తీయాలి అనే ఆ తేడా పుస్తకం చదివితే రాదు. రాత్రి పదకొండు గంటలకు, అలసిపోయి, "ఈ వరస పూర్తిచేసి పడుకుందాం" అనుకునే వేళ అసలే రాదు.

అందుకని నా సలహా ఇది: రెండు రివెట్లు వరసగా చెడితే గన్ కింద పెట్టేయండి. కంప్రెసర్ ఆపేయండి. బెజ్జాల గరుకు తీయడమో, తర్వాతి పేజీ చదవడమో, గ్యారేజీ ఊడవడమో చేయండి. అదీ పనే. రోజూ ఏదో ఒకటి, పావుగంటైనా సరే, చేసేవాళ్ల విమానాలే పూర్తవుతాయి. నెలకోసారి ఆదివారం పొద్దుట్నుంచి రాత్రిదాకా వీరావేశంతో కూర్చునేవాళ్ల కిట్లు సగం కట్టినవిగా అమ్మకానికి వస్తుంటాయి.

మీ కన్ను మీద మీకే నమ్మకం పెరుగుతుంది, అది సహజం. కానీ వేరే కన్ను కావాలి. చాప్టర్లనే ఈఏఏ స్థానిక శాఖల్లో టెక్నికల్ కౌన్సెలర్లుంటారు. తాము ముందే విమానాలు కట్టిన వలంటీర్లు వీళ్లు, పిలిస్తే ఇంటికొచ్చి చూస్తారు. రేకు మూసేముందే పిలవండి. ఒకసారి రెక్క పైరేకు మూసేశాక లోపల ఏముందో దేవుడికే తెలియాలి. వాళ్లు "ఇది తీసేయండి" అంటే వాదించకండి. "దీనికేం పర్లేదు" అంటే అప్పుడు కూడా ఎందుకని అడిగి నేర్చుకోండి.

ప్రతిరోజూ ఫొటో తీసి, ఏం చేశారో రెండు ముక్కలు రాసుకోండి. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ తరఫున తనిఖీకి వచ్చేవాళ్లకు ఆ పని మీరే చేశారని చూపించేది ఆ లాగ్ బుక్కే. కట్టినవారికి ఇచ్చే రిపేర్‌మన్ సర్టిఫికెట్ రావాలన్నా అదే ఆధారం. ఆ సర్టిఫికెట్ ఉంటే ఏటేటా చేయాల్సిన తనిఖీని మెకానిక్ లేకుండా మీ విమానానికి మీరే చేసుకోవచ్చు.

ప్లాను మార్చాలనిపించినప్పుడు

ఇంజనీర్లం కదా, చేతికి దురద. స్విచ్ ఇక్కడ కాదు అక్కడుంటే బావుంటుందనీ, పైపు ఇటు తిప్పితే నయమనీ తోస్తుంది. సీటు బట్ట, రంగు, ప్యానెల్ అందం మీ ఇష్టం. ఇంధనం, కంట్రోళ్లు, బరువు మోసే భాగాల జోలికి మాత్రం పోవద్దు.

గాయకుడు జాన్ డెన్వర్ 1997 అక్టోబరు 12న కాలిఫోర్నియాలో మాంటరే తీరం దగ్గర సముద్రంలో కూలి చనిపోయాడు. అతను నడిపింది లాంగ్-ఈజీ, బర్ట్ రూటన్ డిజైన్ చేసిన మంచి విమానం. కట్టింది వేరే వ్యక్తి, డెన్వర్ అప్పుడే కొన్నాడు. రూటన్ ప్లానులో ఇంధన ట్యాంకు మార్చే పిడి పైలట్ కాళ్ల మధ్య ఉంటుంది. కట్టినవారు దాన్ని పైలట్ ఎడమ భుజం వెనక్కి మార్చారు. దాన్ని అందుకోవాలంటే ఒళ్లు మెలితిప్పాలి, తిప్పితే కాలు రడ్డర్ పెడల్‌ను నొక్కేస్తుంది. ట్యాంకులో ఇంధనం తక్కువగా ఉంది, ఆ విమానంలో అతని అనుభవమూ తక్కువే. దర్యాప్తు తేల్చినది ఇది. కాక్‌పిట్‌లోకి ఇంధనం పైపు రాకుండా ఉంటే క్షేమమన్నది ఆ మార్పు వెనక ఆలోచన. మంచి ఉద్దేశంతో చేసిన మార్పే, ఇంకొకరి ప్రాణానికి ముప్పయింది. మీరు కట్టేది రేపు ఎవరో కొంటారు, వాళ్లకు మీ ఆలోచనలు తెలియవు.

అమెరికా ప్రమాద దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ 2012లో ఇంటికట్టు విమానాల మీద ఒక అధ్యయనం వెలువరించింది. ఎయిర్‌లైన్లవీ సైన్యానివీ కాని విమానాల్లో ఇవి సుమారు పదో వంతే అయినా, 2011లో ఆ విమానాలకు జరిగిన ప్రాణాంతక ప్రమాదాల్లో 21 శాతం వీటివే. ఇంజను ఆగిపోవడం, గాల్లో అదుపు తప్పడం – ముఖ్య కారణాలు ఇవి రెండూ. రెక్క ఊడిపోతుందేమో అని భయపడేవాళ్లు ఈ రెండింటి గురించి భయపడితే ఎక్కువ ఉపయోగం.

ఏనుగు పోయింది, తోక చిక్కింది

రెక్కలు తగిలించి, చక్రాల మీద నిలబెట్టి, ఇంజను బిగించాక చూస్తే విమానం అయిపోయినట్టే ఉంటుంది. చూడొచ్చినవాళ్లంతా "ఎప్పుడు ఎగురుతున్నారు?" అనే అడుగుతారు. ఇక్కడే మిగిలిన కాస్త పని నెలలు తింటుంది: వైర్లు, గొట్టాలు, కాక్‌పిట్ మీద కేనపీ అనే పారదర్శకమైన మూత, ఇంజను చుట్టూ గాలి మళ్లించే రేకులు. ఈ దశలో తొందరపడటమంటే ముందు చేసిన మంచి పనినంతా పణంగా పెట్టడమే.

కొన్ని తనిఖీలు ఎంత విసుగనిపించినా చేసి తీరాలి. స్టిక్ కుడికి తోస్తే కుడి రెక్క వెనక అంచున ఉండే ఎయిలరాన్ పైకి లేవాలి. వినడానికి హాస్యంగా ఉంటుంది, కానీ కంట్రోళ్లు తిరగేసి బిగించి ఎగిరినవాళ్లున్నారు. ముక్కు బాగా పైకెత్తి ఇంధన ప్రవాహం కొలవాలి. టేకాఫ్‌కు ఇంజను తాగేదానికంటే, పంపుతో నడిచే వ్యవస్థలో 125 శాతం, కేవలం కిందికి జారి వచ్చే వ్యవస్థలో 150 శాతం రావాలి. మూడు చక్రాల కింద మూడు తూకాలు పెట్టి బరువు తూచి, గురుత్వ కేంద్రం ఎక్కడుందో లెక్కగట్టాలి. వేరేవాళ్ల విమానం లెక్క మీకు పనికిరాదు.

ఇంతకంటే ముఖ్యమైనది ఒకటుంది. కడుతున్నన్నాళ్లూ డబ్బు ఆదా అవుతుందని ఎగరడం మానేస్తారు చాలామంది. నాలుగేళ్ల తర్వాత చేతిలో కొత్త విమానం, సీట్లో తుప్పుపట్టిన పైలట్. ఇంతకంటే చెడ్డ జోడీ లేదు. ప్రాజెక్టు ఆరు నెలలు ఆలస్యమైనా పర్లేదు, నెలనెలా అద్దె విమానంలో ఎగురుతూ ఉండండి. మొదటి ప్రయాణానికి ముందు, మీరు కట్టిన రకంలోనే అనుభవమున్న ఇన్‌స్ట్రక్టర్ దగ్గర శిక్షణ తీసుకోండి. మీరు కట్టారు కాబట్టి మీరే మొదట ఎగరాలని ఎక్కడా లేదు. ఆ రకం బాగా తెలిసిన పైలట్‌కు అప్పగించి కింద నిలబడటం పిరికితనం కాదు.

మొదటి రోజు సంగతి. పూజ చేయించండి, కొబ్బరికాయ కొట్టండి, నాకు అభ్యంతరం లేదు. ముహూర్తం మాత్రం గాలిని బట్టి పెట్టుకోండి. బంధువుల్ని పిలవొద్దు. యాభై మంది కుర్చీలేసుకుని కూర్చుంటే, ఇంజను శబ్దంలో చిన్న తేడా వినపడినా "ఇవాళ వద్దు" అనడం కష్టం. ఎవరూ లేని ప్రశాంతమైన ఉదయం, పక్కన రేడియోతో ఒకరో ఇద్దరో తెలిసినవాళ్లు చాలు. పైకి లేచాక విమానాశ్రయం మీదే ఎత్తులో చుట్లు కొట్టండి. ఇంజను ఉష్ణోగ్రతలు చూసుకోండి. వేగం తగ్గించి విమానం ఎక్కడ ఎలా ప్రవర్తిస్తుందో తెలుసుకుని, వచ్చి దిగండి. దిగాక ఇంజను మీది మూత కౌలింగ్‌ను విప్పి లోపల ఏమైనా కారిందా, వదులైందా చూడండి. విన్యాసాలేవీ వద్దు.

ఆ తర్వాత టెస్ట్ కాలం. సర్టిఫై అయిన ఇంజను, ప్రొపెల్లర్ల జతైతే 25 గంటలు, కాకపోతే 40 గంటలు, నిర్దేశించిన ప్రాంతంలోనే ఎగరాలి. ఇప్పుడు గంటలకు బదులు పరీక్షల జాబితా పూర్తిచేసే పద్ధతి కూడా ఉంది, నా ఓటు దానికే. గంటలు నింపడానికి చుట్లు కొట్టడం కంటే స్టాల్ వేగం (రెక్కలు విమానాన్ని మోయలేకపోయే వేగం), ఎక్కే వేగం, ఇంధన ఖర్చు కొలిచి మీ విమానానికి సొంత పుస్తకం రాసుకోవడం మేలు. ఈ కాలంలో సరదాకి ఎవర్నీ ఎక్కించుకోకూడదు. అర్హత ఉన్న రెండో పైలట్‌ను తోడు తీసుకునే వీలు మాత్రం కొన్ని షరతులతో ఉంది.

అది కూడా ముగిశాక ఇంట్లోవాళ్లను ఎక్కించుకోవచ్చు. ఎక్కించుకునేముందు, ఇది ప్రయోగాత్మక విమానమనీ, మామూలు విమానాల ప్రమాణాలకు సర్టిఫై అయింది కాదనీ వాళ్లకు మీ నోటితో చెప్పాలి. చట్టం అడుగుతుంది. లోపల అతికించిన హెచ్చరిక చూపించి ఊరుకోకండి, తెలుగులో అర్థమయ్యేలా చెప్పండి. విన్నాక వద్దంటే బలవంతం చేయకండి.